పొరుగువారి దేవుని గూర్చి మాటలాడునప్పుడు



ఈ నెల మా పొరపాటు ఒకటి మీ యెదుట ఒప్పుకొని మొదలుపెట్టవలసి యున్నది.

కొంతకాలము క్రిందట ఒక పల్లెలో గృహకూటమునకు వెళ్లాము. ఇంటి ముందు తాటాకు పందిరి వేసి, ట్యూబులైటు కట్టి, మైకు పెట్టారు. వాక్యము చెప్పుచు, ఎన్నో కూటములలో చెప్పిన మాటే అక్కడ కూడ చెప్పాము. వారికి ముప్పది మూడు కోట్ల దేవతలు, మనకు ఒక్కడే దేవుడు అన్నాము. పందిరిలోని వారు గట్టిగా ఆమేన్ అన్నారు. ప్రక్క ఇంటి అరుగుమీద ఒక వృద్ధురాలు కూర్చొని వింటున్నది. ఆమె హిందువు. ఆ రెండు ఇండ్లకు ముప్పై ఏండ్ల పొత్తు. మన విశ్వాసుల ఇంటి ఆడపిల్ల పురిటికి వచ్చినప్పుడు రాత్రంతా దగ్గర కూర్చున్నది ఈమేనట.

మరునాడు ఉదయము మేము బస్సుకొరకు నిలుచున్నచోటికి ఆమె మజ్జిగ చెంబుతో వచ్చింది. మేము త్రాగినదాక ఊరకుండి, "అయ్యగారూ, ఆ ముప్పై మూడు కోట్లు ఎవరు లెక్కపెట్టారండీ? మా నాయన ఊళ్లో పురాణం చెప్పేవాడు. నారాయణుడొక్కడే, మిగతావాళ్లు ఆయన చేతికింది వాళ్లు అనేవాడు. చెప్పేముందు మమ్మల్ని ఒక్కమాట అడిగితే పోయేది" అన్నది. కోపముతో అనలేదు. అందుకే ఆ మాట మనస్సులో ముల్లువలె ఉండిపోయింది.

తొమ్మిదవ ఆజ్ఞ పొరుగువానిమీద అబద్ధ సాక్ష్యము చెప్పవద్దని నిషేధించుచున్నది. మనము దానిని గట్టు తగాదాలకు, కోర్టు వ్యాజ్యములకు మాత్రమే పెట్టుకొన్నాము. పొరుగువాడు నమ్మని దానిని నమ్ముచున్నాడని పందిరి క్రింద మైకులో చెప్పుట కూడ ఆ ఆజ్ఞ క్రిందికే వచ్చును. ఇంటికి వచ్చిన తరువాత కొన్ని పుస్తకములు తిరుగవేసితిమి. తెలిసినవారిని అడిగితిమి.

బృహదారణ్యకోపనిషత్తు మూడవ అధ్యాయములో ఒక సంభాషణ ఉన్నది. శాకల్యుడను పండితుడు యాజ్ఞవల్క్యుని దేవతలెందరని అడుగును. మొదట వచ్చిన జవాబు మూడువందల ముగ్గురు, మూడువేల ముగ్గురు. నిజముగా ఎందరని మరల అడుగగా ముప్పది ముగ్గురు. మరల అడుగగా ఆరుగురు, తరువాత ముగ్గురు, తరువాత ఇద్దరు, తరువాత ఒకటిన్నర, చివరకు ఒక్కడు. ఆ ముప్పది ముగ్గురు ఎవరనగా వసువులు ఎనిమిది మంది, రుద్రులు పదకొండు మంది, ఆదిత్యులు పన్నెండు మంది, ఇంద్రుడు, ప్రజాపతి. కోటి అను మాటకు ఇక్కడ వర్గమని అర్థమని కొందరు పండితులందురు. అది ఎట్లున్నను, కోట్లలో నుండి కాక వేలలో నుండి ఒకటికి దిగి వచ్చు లెక్క వారి గ్రంథములోనే, క్రీస్తుకు ఎన్నో వందల సంవత్సరములకు ముందే ఉన్నది.

ఆ ఒక్కడు ఎవరు అన్నచోట వారిలో వారికే పెద్ద వాదములున్నవి. శంకరాచార్యుల వారి అద్వైతములో పరబ్రహ్మమునకు చివరకు రూపము లేదు, గుణములు లేవు. అజ్ఞానము తొలగినప్పుడు జీవుడు, బ్రహ్మము రెండు కావు. రామానుజాచార్యులు దీనిని ఒప్పుకొనలేదు. దేవుడు సకల కల్యాణగుణములు గలవాడనియు, జీవులు, జగత్తు ఆయనకు శరీరము వంటివనియు బోధించెను. మధ్వాచార్యులు ఇంకను ఖండితముగా దేవుడు వేరు, జీవుడు వేరు, ఎన్నటికిని ఒకటి కారనెను. కనుక హిందువులందరు తామే దేవుళ్లమనుకొందురని చెప్పు బోధకులు ఒక మఠపు మాటను అందరి నెత్తిన పెట్టుచున్నారు.

పల్లెలలో ఈ వాదములు ఎవరికి కావలెను అందురేమో. నిజమే. పోలేరమ్మ, మైసమ్మ, ఎల్లమ్మ, గంగమ్మ కొలువులలో అద్వైతపు చర్చ జరుగదు. మద్రాసు బిషప్పుగా ఉండిన హెన్రీ వైట్‌హెడ్ గారు దక్షిణ భారత గ్రామదేవతలను గూర్చి 1916లో ఒక పుస్తకమే ప్రచురించిరి. కలరా, మశూచి వచ్చినప్పుడు ఊరు ఊరంతా వణకిన కాలమది. మశూచి పోసినదనుటకు మన పెద్దలు అమ్మవారు పోసినదనెడివారు. 1975 తరువాత మన దేశములో మశూచి లేదు. జాతర మాత్రము ఉన్నది, ఎందుకనగా బిడ్డ ఏమగునో అను భయము ఉన్నది. ఆ భయమును చూచి నవ్వుటకు మనకు హక్కు లేదు. ఆదివారము గుడికి వచ్చి, సోమవారము బిడ్డకు జ్వరము తగిలితే తాయెత్తు కట్టించిన క్రైస్తవ ఇండ్లు మేమెరుగుదుము. ఆ ఇండ్లలో కొన్నింటిలో బైబిలు దిండు క్రిందనే ఉండును, తెరచుటకు కాదు, పీడకలలు రాకుండుటకు.

విగ్రహముల సంగతి చూతము. వినాయకచవితినాడు మట్టి ప్రతిమ తెచ్చి, అందులోనికి దేవుని ఆవాహనము చేసి, పూజ ముగించి, ఉద్వాసన చెప్పి, నీటిలో కలుపుదురు. మట్టియే దేవుడని వారు అనుకొనిన యెడల నీటిలో కలుపుదురా? పిలిచిన అతిథి వచ్చి వెళ్లెనని వారి భావము. మన గ్రంథము విగ్రహమును ఒప్పుకొనదు. యెషయా నలువది నాలుగవ అధ్యాయములో ఒకే చెట్టు మొద్దులో సగము వంటకు కాల్చి, సగముతో దేవుని చేసికొనిన వడ్రంగిని ప్రవక్త ఎట్లు ఎత్తిపొడిచెనో చదువండి. ఆ విషయములో మేము ఒక్క అక్షరము తగ్గించుట లేదు. అయితే వారిలో వేమన యోగి రాళ్లకు మ్రొక్కువారిని మనకంటె గట్టిగానే మందలించెను. 1875లో స్థాపింపబడిన ఆర్యసమాజము విగ్రహారాధననే త్రోసివేసెను. ఈ తగవు ఆ ఇంటిలో ఎప్పటినుండియో ఉన్నది, మనము తెచ్చినది కాదు.

ఇప్పుడు మన వీపు మనకు కనబడునట్లు ఒక అద్దము పెట్టుకొందము. మన ఊళ్లలో మహమ్మదీయ సోదరులున్నారు. దేవుడు ఒక్కడే, ఆయన కనలేదు, కనబడలేదు, ఆయనకు సాటి లేరు అనుట వారి విశ్వాసమునకు మూలము. వారిలో కొందరు మనలను చూచి ఏమందురు? మీకు ముగ్గురు దేవుళ్లు గదా అందురు. ఆ మాట వినినప్పుడు మన ప్రాణము ఎట్లు ఉడికిపోవును! తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒక్క దేవుడే అని ఎంత చెప్పినను, వ్రేళ్లు ముడిచి మూడు చూపుదురు. మమ్మును అడుగకుండ మా లెక్క మీరెట్లు వేసితిరని మన బాధ. ఆ మజ్జిగ చెంబు అమ్మ బాధయు అదే. మనుష్యులు మనకు ఏమి చేయవలెనని కోరుదుమో అదే వారికి చేయుమని ప్రభువు సెలవిచ్చినది లెక్కలకు కూడ వర్తించును.

ఇంకొక సంగతి. దేవుడు అని మనము నోరార పిలుచు మాట ఎక్కడిది? అది పొరుగింటినుండి తెచ్చుకొన్నదే. క్రాన్, డెగ్రాంజెస్ అను దొరలు 1805లో విశాఖపట్టణము వచ్చి, క్రైస్తవుడైన ఆనందరాయరు అను బ్రాహ్మణుని సహాయముతో సువార్తలను తెలుగు చేయ మొదలిడిరి. 1812లో మొదటి సువార్తలు శ్రీరాంపురములో అచ్చయ్యెను. వారు వాడవలసినది ఊరివారి నోట ఉన్న మాటలనే గదా! భక్తి, కృప, మోక్షము, ఆత్మ, ప్రార్థన, ఇవేవియు ఓడలో దిగినవి కావు. అరవములో అయితే ఈ ఒక్క మాట కొరకే తర్జుమాదారులు సర్వేశ్వరన్ అని, పరాపరన్ అని, దేవన్ అని తరము తరమునకు మార్చిరి. పాత్ర వారిది, అందులో పోసినది సువార్త. పాత్రను తిట్టువారు ముందుగా చేతిలోనిది ఎందులో త్రాగుచున్నారో చూచుకొనవలెను.

అయితే తేడా లేదా? అన్నియు ఒకటేనా? కాదు. తేడా ఉన్నది గనుకనే దానిని సరియైన చోట చూపవలెనని ఇంత చెప్పుచున్నాము. చాలమంది బోధకులు తేడాను తప్పుచోట పెట్టి, ఎదుటివాడు ఒక్క మాటతో దానిని పడగొట్టగా వెలవెలబోవుదురు.

హిందువులకు కృప తెలియదు, అంతయు కర్మయే అని ఒకరందురు. రామానుజుల శిష్య పరంపరలో ఈ కృప మీదనే రెండు పక్షములు చీలినవి. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకొనును, కనుక భక్తుడు పట్టు విడువరాదని ఒక పక్షము. పిల్లికూన ఏమియు చేయదు, తల్లియే నోట కరచుకొని పోవును, కనుక అంతయు దేవునిదేనని రెండవ పక్షము. ఇది చదివినప్పుడు మన సంఘములలో జరిగిన వాదములు జ్ఞాపకము వచ్చి మాకు నవ్వు వచ్చింది. మరియొకరు వారి దేవుళ్లకు కన్నీరు లేదందురు. సీతకొరకు అడవిలో విలపించిన రాముని కథ వినని తెలుగు బిడ్డ ఉన్నాడా? మరియొకరు వారి దేవుళ్లు క్షమింపరందురు. వేటగాని బాణము కృష్ణుని పాదమున తగిలినప్పుడు, భయముతో వణకుచున్న ఆ వేటగానిని ఆయన ఓదార్చి పంపినట్లు భాగవతము చెప్పుచున్నది. ఇవి తెలియక పందిరి ఎక్కుట మంచిది కాదు.

మరి తేడా ఎక్కడ? అవతారమనగా దిగి వచ్చుట. మన కీర్తనలలో కూడ ఈ మాట వాడుచున్నాము. గీత నాలుగవ అధ్యాయము ప్రకారము ధర్మము క్షీణించినప్పుడెల్ల, సాధువులను కాపాడి దుష్టులను నాశనము చేయుటకు యుగయుగమున దేవుడు వచ్చును. మన ప్రభువు వచ్చినది నీతిమంతుల కొరకు కాదు, పాపుల కొరకు. మనమింకను పాపులమై యుండగానే క్రీస్తు మనకొరకు చనిపోయెనని రోమా పత్రిక అయిదవ అధ్యాయము చెప్పుచున్నది. దుష్టుని నాశనము చేయుటకు వచ్చిన యెడల ఈ పత్రిక వ్రాయుటకు మేమును, చదువుటకు మీరును మిగిలియుండము.

ఇది పెద్ద తేడాయే. అయితే తెలుగులో ఇంకొక మాట ఉన్నది, దానిని గూర్చి మేము ఎన్నడును ఆలోచింపలేదు. పని ముగిసిన తరువాత రాముడు అవతారము చాలించెను, కృష్ణుడు అవతారము చాలించెను అందుము. వేసికొనిన వేషము తీసివేసి స్వస్థానమునకు వెళ్లినట్లు. మహమ్మదీయులు మరియ కుమారుడైన ఈసాను గొప్ప ప్రవక్తగా గౌరవింతురు గాని, దేవుడు ఆయనను సిలువ మరణమునకు అప్పగింపలేదని నమ్ముదురు. మన సాక్ష్యము ఈ రెండింటికిని వేరు. ఆయన సిలువమీద నిజముగా చనిపోయెను. మూడవ దినమున లేచెను. అయితే లేచినప్పుడు దేహమును విడువలేదు. యోహాను ఇరువదవ అధ్యాయములో తోమాకు చూపినది ఏమి? మేకుల గురుతులు, ప్రక్కలో గాయము. మహిమ పొందిన దేహములో ఆ గాయములు మానిపోయి యుండవచ్చును గదా! మానలేదు. ఆ దేహముతోనే ఆయన ఆరోహణుడయ్యెను. అనగా దేవుని కుడిపార్శ్వమున ఈ పూట కూర్చున్నవాడు మనుష్యుడు కూడ. ఆయన అవతారము చాలించలేదు. ఆయన శరీరము కేవలము కనబడిన నీడ అని చెప్పినవారు మన మొదటి సంఘములో కూడ ఉండిరి. క్రీస్తు శరీరధారియై వచ్చెనని ఒప్పుకొనని ఆత్మ దేవునిది కాదని యోహాను తన మొదటి పత్రికలో వారిని గూర్చియే అంత ఖండితముగా వ్రాసెను.

ఇదంతయు తెలిసికొనిన తరువాత మరల ఆ ఊరు వెళ్లాము. ఈసారి కూటము లేదు, మైకు లేదు. ముందుగా ఆ అరుగు దగ్గరకు వెళ్లి, "మామ్మగారూ, ఆ రోజు తప్పు చెప్పామండీ" అన్నాము. ఆమె గలగల నవ్వి, "దానికోసం ఇంతదూరం వచ్చారా!" అన్నది. చాప వేసింది. వాళ్ల నాయన చెప్పిన కథలు చాల చెప్పింది, మేము విన్నాము. మేము ఆమెను ఏమియు అడుగకుండ ఆమెయే, "మరి మీ దేవుడి సంగతి చెప్పరేం?" అన్నది. తోమా కథ చదివి వినిపించాము. అవతారము చాలించలేదను మాట దగ్గర ఆమె చేతిలోని పని ఆగినది.

"అయితే ఆ గాయాలు ఇప్పటికీ ఉన్నాయా?"

"ఉన్నవమ్మా."

"మరి ఇంకా నొప్పి పుడతాయా, అయ్యగారూ?"

మేము వేదాంతము చదివిన చోట ఈ ప్రశ్న మమ్మును ఎవరును అడుగలేదు. తెలిసినంతవరకు ఏదో చెప్పాము గాని, మా జవాబు మాకే సరిపోలేదు. పాఠకులలో ఎవరికైన మంచి జవాబు తోచిన యెడల ఒక కార్డు ముక్క వ్రాయండి. వచ్చే నెల ఆ ఊరు వెళ్లుచున్నాము, చదివి వినిపింతుము.