పోర్ట్‌ఫోలియో అంటే గంప కాదు

మొన్న ఇక్కడ న్యూజెర్సీలో ఒక క్లయింటు దగ్గర మీటింగులో కూర్చున్నాను. పెద్ద తెర మీద 36 ప్రాజెక్టులు. వాటిని ఆరు గుంపులు చేసి, ఒక్కో గుంపుకీ "పోర్ట్‌ఫోలియో" అని పేరు పెట్టి, పక్కన పచ్చ, పసుపు, ఎరుపు చుక్కలు పెట్టారు. ఏ లెక్కన గుంపులు చేశారయ్యా అంటే, డిపార్టుమెంటుకొకటి! పెద్ద మేనేజరుగారు తెగ మురిసిపోయారు. నాకు మాత్రం కడుపులో తిప్పింది. ఎందుకంటే ఆ సినిమా నేనింతకుముందే చూశాను. చూడ్డమేంటి, అందులో వేషం కూడా వేశాను.

ముందు ఈ మాట సంగతి చూద్దాం. 1952లో హ్యారీ మార్కోవిట్జ్ అనే ఆయన షేర్ల గురించి ఒక వ్యాసం రాశాడు. ఒక షేరు మంచిదా కాదా అని విడిగా చూస్తే చాలదు, అది మిగతావాటితో కలిసి ఎలా లేస్తుందో, ఎలా పడుతుందో చూడాలన్నాడు. 1990లో నోబెల్ కూడా ఇచ్చారు. 1981లో వారెన్ మెక్‌ఫార్లన్ హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో అదే ఆలోచనని కంప్యూటర్ ప్రాజెక్టులకి తెచ్చాడు. ఒక్కో ప్రాజెక్టు రిస్కుతో పాటు అన్నిటి రిస్కునీ కలిపి చూడమన్నాడు. అంటే అసలు విషయం వాటి మధ్యనున్న సంబంధం, దాన్ని చూసి ఏది ఉంచాలో ఏది వదలాలో తేల్చుకోవడం. ఒకే గంపలో పోసి రంగులేయమని వీళ్ళలో ఎవరూ చెప్పలేదు.

మన ప్రాజెక్టుల మధ్య అన్నిటికన్నా గట్టి సంబంధం ఏమిటో తెలుసా? మనుషులు. ఆ మనుషులు డిపార్టుమెంటు గీతల ప్రకారం ఉండరు.

ఇక నా వేషం సంగతి. 2018లో వేరే కంపెనీలో నేను చేసిన పనే ఇది. ఐదు ప్రాజెక్టులు, మైక్రోసాఫ్ట్ ప్రాజెక్టులో ఐదు ఫైళ్ళు. దేనికది చూస్తే ముచ్చటగా ఉన్నాయి. అన్నిటినీ కలిపి, మనుషుల జాబితా ఒక్కటే చేసి ముడిపెట్టేసరికి ఒక పేరు ఎర్రగా వెలిగింది. హైదరాబాదులో ఉన్న మా డేటాబేస్ కుర్రాడు. ఐదింటిలోనూ సగం సగం, అంటే 250 శాతం.

మేనేజరుకి చూపించాను. "ఎల్లుండి పైవాళ్ళు చూస్తారు, ఆ ఎరుపు పోవాలి" అన్నాడు. పోగొట్టాను. ఎలాగంటారా? అందులో ఒక మనిషి గరిష్ఠంగా ఎంత పని చేయగలడో రాసే గడి ఉంటుంది. అక్కడ 100 తీసేసి 250 రాశాను. ఎరుపు మాయం. పది సెకన్లు కూడా పట్టలేదు.

అందుకే నేను సాఫ్టువేరుని తిట్టట్లేదు. అది నిజమే చెప్పింది. దాని నోరు మూసింది నేను. అప్పుడు నాది హెచ్1బి. ఉద్యోగం పోతే గడువు 60 రోజులు, అదీ గరిష్ఠంగా. పిల్లలు బళ్ళో ఉన్నారు. ఇది సమర్థన కాదు, కారణం మాత్రమే.

ఆ కుర్రాడు కూతురి అక్షరాభ్యాసానికని బాసర ప్రయాణం పెట్టుకుని మానుకున్నాడు. ఆ వారం మూడు రిలీజులు. ఒక రాత్రి కాల్‌లో "అన్నా, సిస్టంలో చూశాను. నేను ఇద్దరున్నర మనుషులనని నాకే తెలీదు" అని నవ్వాడు. ఆ గడి ఎవరు మార్చారో అతనికి తెలుసో లేదో నేనడగలేదు. రెండు నెలలకి రాజీనామా చేశాడు. ఐదు ప్రాజెక్టులూ ఒకేసారి ఆగాయి.

పోనీ, కంపెనీకైనా లాభమా? చిన్న లెక్క వేద్దాం. ఒక్కోదానికి అతని పని రెండు నెలలు అనుకోండి. ఒకదాని తరవాత ఒకటి చేస్తే 2, 4, 6, 8, 10 నెలలకి పూర్తవుతాయి. ఐదూ కలిపి లాగిస్తే అన్నీ పదో నెల దగ్గరే తేలతాయి. మొదటి నాలుగూ ఊరికే ఆలస్యం. ఇంక ఒకదాన్నుంచి ఇంకోదానికి గెంతడంలో పోయే టైము అదనం.

మా నాన్నకి కంప్యూటరు రాదు. ఒక్క బోరు, ఐదెకరాలు. నీళ్ళు తగ్గిన ఏడు మూడెకరాలే నాటేవాడు. రెండెకరాలు బీడు పెట్టడం ఆయనకి బాధే, కానీ ఐదూ నాటి ఐదూ ఎండబెట్టుకోలేదు. నాకు తెలిసిన మొదటి పోర్ట్‌ఫోలియో మేనేజరు ఆయనే.

"అన్నీ ఒకచోట కనిపించడం మంచిదేగా" అంటారు. మంచిదే. కనిపించాక ఏం చేశారన్నదే ప్రశ్న. ఆ సాఫ్టువేరులో ప్రతి ప్రాజెక్టుకీ 0 నుంచి 1000 దాకా ప్రాధాన్యం ఇవ్వచ్చు. ఎవరూ ముట్టుకోకపోతే 500 ఉంటుంది. మీ ఆఫీసులో చూడండి, అన్నీ 500 ఉంటే మీకున్నది పోర్ట్‌ఫోలియో కాదు, గంప. ఎవరినీ నొప్పించకుండా ఉండటానికి కొన్న ఖరీదైన గంప.

నేనడిగేది మూడే. డిపార్టుమెంటుని బట్టి కాకుండా, ఒకే మనుషుల మీద ఆధారపడ్డవాటిని ఒకచోట పెట్టండి. ఒకటి నుంచి చివరిదాకా వరస నంబర్లివ్వండి, ఏ రెంటికీ ఒకే నంబరు వద్దు. మనిషి దగ్గర 100 దాటితే కింది నంబరు ప్రాజెక్టుని ఆపండి, గడిలో అంకె మార్చకండి.

మొన్నటి మీటింగులో చివరికి చెయ్యెత్తి, "ఈ 36లో ఏది ఆపుతున్నాం?" అనడిగాను. గదిలో ఎవరూ మాట్లాడలేదు. గ్రీన్ కార్డు వచ్చింది కాబట్టి ఇప్పుడు ధైర్యమొచ్చిందంటారా? నిజమే. అది రానివాళ్ళ తరఫున కూడా వచ్చే వారం మళ్ళీ అడుగుతాను.