బోర్డు మీది ఊరు కాదు, దిగే ఊరు చూసి టికెట్ కొట్టండి

మదనపల్లె, పుంగనూరు, కుప్పం అక్కచెల్లెళ్లారా, అన్నదమ్ములారా,

మొన్న తెల్లారి ఆరు గంటలకు రోడ్డు పక్క స్టాపులో మా కళ్ల ముందే జరిగింది. టమాటా మార్కెట్లో కాయలు ఏరే కూలికి పోయే ఒకామె, చేతిలో సద్ది క్యారియరు, వచ్చిన ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఆధార్ కార్డు చూపించింది. "ఇది బెంగళూరు బండమ్మా, ఫ్రీ లేదు" అన్నాడు కండక్టర్. "నేనేమన్నా బెంగుళూరికి పోతాండానా అన్నా? మదనపల్లెలో దిగేస్తా గదా!" అందామె. వెనక జనం తోసుకుంటున్నారు. కొంగుముడి విప్పి, నాలుగు మడతల యాభై నోటు ఒకసారి చూసుకుని, మళ్లీ ముడేసుకుని దిగిపోయింది. పల్లెవెలుగు వచ్చేసరికి పొద్దెక్కింది. ఆ రోజు కూలి పోయింది.

కండక్టర్‌ను అనలేం. ఆయన చేతిలో ఉన్నది మిషను, రూలు రాసింది పైవాళ్లు.

2025 ఆగస్టు 15న స్త్రీశక్తి ఉచిత బస్సు పథకం మొదలైంది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచితమన్నారు. సంతోషించాం, ఇప్పటికీ సంతోషమే. పుట్టింటికి ఏడాదికోసారి పోయే ఆడబిడ్డ ఇప్పుడు ఆదివారం పోయొస్తోంది. కానీ అంతర్రాష్ట్ర బస్సులకు వర్తించదని ఒక ముక్క తగిలించారు. ఆ ముక్క సరిహద్దుకు దూరంగా ఉన్నవాళ్లకు పెద్దగా తగలదు. మా గొంతుకే తగిలింది.

మా రోడ్లు ఎటు పోతాయో చూడండి. కడప నుంచి రాయచోటి, గుర్రంకొండ, మదనపల్లె మీదుగా పోయే బండి బోర్డు మీద బెంగళూరు. పుంగనూరు నుంచి సరిహద్దు దాటితే ములబాగల్. కుప్పానికి ఒక పక్క కర్ణాటక, ఇంకో పక్క తమిళనాడు. గుడుపల్లె ఆమె కుప్పంలో ఆసుపత్రికి రావాలన్నా, ఎదురుగా ఆగిన బండి కేజీఎఫ్‌ది అయితే డబ్బు పెట్టాల్సిందే. గుడుపల్లె, కుప్పం రెండూ మన రాష్ట్రంలోవే!

ఈ సరిహద్దు గీసింది మేం కాదు. 2001లో కోలారు బంగారు గనులు మూతపడేదాకా మా తాతలు కూలి వెతుక్కున్నది అక్కడే. రాష్ట్రాలు వేరు గానీ, సంత, సంబంధాలు, కూలి విడిపోలేదు. నేటికీ కుప్పం స్టేషన్లో పొద్దున్నే బెంగళూరు రైలుకు నిలబడేవాళ్లను చూడండి, చాలు.

ఈ రూలు మార్చమంటే, పొరుగు రాష్ట్రం ఒప్పుకోవాలంటారు పైవాళ్లు. ఎవరడిగారు? మేం అడిగేది మన గడ్డ మీద మన సరిహద్దు దాకానే. దూరం పోయేవాళ్లకు సీట్లుండవంటారు. డబ్బిచ్చి నిలబడితే ఇరుకు కానిది, కార్డు చూపి నిలబడితే ఇరుకైపోతుందా? లెక్క తేలదంటారు. ఎక్కిన స్టేజీ, దిగే స్టేజీ కొట్టకుండా ఆ మిషన్లోంచి ఏ టికెట్ వస్తుంది? ఇవన్నీ సాకులు. ఇక వినం.

1989 నుంచి కుప్పం గెలిపిస్తున్న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారికి ఈ సరిహద్దును మ్యాపులో చూపించాల్సిన పని లేదు. రవాణా మంత్రి మండిపల్లి రాంప్రసాద్ రెడ్డి గారిది రాయచోటి. ఆ బెంగళూరు బండి ఆయన ఊరి మీదుగానే వస్తుంది. ఓటు వేసేటప్పుడు మేం ఈ రాష్ట్రం వాళ్లమే, బస్సెక్కితే మాత్రం పరాయివాళ్లమా?

సూపర్ లగ్జరీ అడగడం లేదు. అంతర్రాష్ట్ర పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రంలో ఎక్కి రాష్ట్రంలోనే దిగే ప్రతి ఆడమనిషికీ ఉచిత టికెట్ కొట్టాలి. సరిహద్దు దాటేవాళ్లకు దాటిన దూరానికే చార్జీ వేయాలి. తెల్లవారి, సాయంత్రం పల్లెవెలుగులు పెంచాలి.

ఈ కాగితం వెనక పక్క ఖాళీగా వదిలాం. మీకు ఉచిత టికెట్ దక్కని బస్సు నంబరు, ఎక్కిన ఊరు, దిగిన ఊరు, తేదీ రాయండి. రాయడం రాకపోతే పిల్లల చేత రాయించండి. మీకు ఈ కరపత్రం ఇచ్చినవాళ్లకే తిరిగివ్వండి. అన్నీ మూటగట్టి మంత్రి గారి బల్ల మీద పెడతాం.