చాక్లెట్టుపై ముద్రలు

చాక్లెట్టు కొనుటలో మన విద్యావంతులయందు ఒక క్రొత్త యాచారము ప్రబలుచున్నది. పైకాగితమును త్రిప్పి చూచి, అందు క్రియొల్లో యని యున్నచో ఉత్తమజాతి యనియు, ఫొరాస్టెరో యని యున్నచో హీనజాతి యనియు నిర్ణయింతురు. ప్రక్కనే యేదేని సంస్థవారి ముద్ర కూడ నుండెనా, అడవులకును కూలివారికిని చేయవలసిన న్యాయము జరిగిపోయినదని తృప్తిపడుదురు. మనుష్యులలో జాతిభేదము కూడదని సభలలో నుపన్యసించువారే గింజలలో దానిని ప్రతిష్ఠించుట చూడ మాకు నవ్వు వచ్చుచున్నది. ముద్రల విషయమున మాత్రము నవ్వు రాదు.

ముందు జాతుల మాట. క్రియొల్లో యనగా స్పానిషు భాషలో స్వదేశి. ఫొరాస్టెరో యనగా పరదేశి. తోటలవారు తమ పాత చెట్లను, వెలుపలినుండి వచ్చిన చెట్లను వేఱుగా చెప్పుకొనుటకు వాడిన పేర్లివి. 18వ శతాబ్దమున ట్రినిడాడు ద్వీపములోని పాత తోటలు నశింపగా, బయటినుండి తెచ్చి నాటిన విత్తనము మిగిలిన చెట్లతో కలిసి ట్రినిటారియో పుట్టినది. 2008లో మొటమయోరు మున్నగు శాస్త్రజ్ఞులు వేయికి పైగా చెట్ల జన్యువులను పరీక్షించి, కోకోలో వర్గములు మూడు గావు, పది యని తేల్చిరి. పూలవాసనకు ప్రసిద్ధి కెక్కిన ఈక్వడారు దేశపు నాసియొనాల్ గింజను వెనుకటివారు ఫొరాస్టెరోలోనే చేర్చిరి. హీనమన్న గుంపులోనే యింత పరిమళ ముండగా, పేరు చూచి రుచిని నిర్ణయించు టెట్లు?

రుచి కొంత పుట్టుకవలన, చాల వఱకు చాకిరీవలన వచ్చును. కాయ పగులగొట్టి, తెల్లని గుజ్జుతో కూడిన గింజలను కుప్ప పోసి అరటియాకులు కప్పుదురు. లేదా కొయ్యపెట్టెలలో నింపుదురు. గుజ్జులోని తీపి కల్లువలె పొంగి మద్యమగును. మద్యము పులుపుగా మాఱును. కుప్పలో వేడి 45, 50 డిగ్రీల వఱకు పెరుగును. ఆ వేడికిని పులుపునకును గింజలోని మొలక చచ్చి, చేదును వగరును తగ్గి, వేయించినప్పుడు చాక్లెట్టు వాసన నిచ్చు పదార్థములు లోపల నేర్పడును. అయిదాఱు దినములు కనిపెట్టి యుండి కుప్పను తిరుగవేయవలయును; పిమ్మట ఎండలో ఆఱబెట్టవలయును. పులియనీయక తొందరపడి యెండబెట్టిన గింజ యెంత గొప్ప జాతిదైనను మంచి చాక్లెట్టు కాదు. ఈ చాకిరీకి పైకాగితముపై పేరు లేదు. బాగుగా పులిసిన గింజకును పులియని గింజకును ఒకే వెల కట్టు వర్తకుని నమ్ముకొని యే రైతు ఆఱుదినములు కాచుకొని కూర్చుండును?

ఈ మాట దూరదేశములకే చెందినది కాదు. మన గోదావరి మండలములలో కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల నీడను కోకో పండుచున్నది; దేశములో నెక్కువ కోకో పండించు రాష్ట్రము ఆంధ్రప్రదేశమే. పశ్చిమాఫ్రికాలో పంట చెడుటచే 2024 వేసవిలో ఇచట కిలో గింజల ధర వేయి రూపాయలకు చేరినది. 2025లో అది సగము వఱకు పడిపోగా రైతులు వీథుల కెక్కిరి. కిలోకు 50 రూపాయలు తన బొక్కసమునుండి కలుపుటకు ప్రభుత్వము పూనుకొనవలసి వచ్చినది. ఆ యేట అంగడిలో చాక్లెట్టు వెల సగమైనట్లు మన మెవ్వరమును చూడలేదు.

ఇక ముద్రలు. వర్తకుల మాట నమ్మి యూరకుండిన ఫల మెట్టిదో కోకో చరిత్రయే చెప్పును. పోర్చుగీసువారి సావొ టోమే ద్వీపమున బానిసలవంటి కూలీలు కోకో పండించు సంగతి 1901లోనే కాడ్బరీవారి చెవిని పడినది. వారు కొనుట మానినది 1909లో. ఆ యాలస్యమును నిందించిన లండను పత్రిక స్టాండర్డుపై వారు వేసిన పరువునష్టపు దావాలో గెలుపు వారిదే; జూరీవారు ఇప్పించిన పరిహారము ఒక్క ఫార్తింగు, అనగా పెన్నీలో నాలుగవ పాలు! 2001లో అమెరికాలో హార్కిన్, ఎంగెల్ అను శాసనసభ్యుల పూనికపై చాక్లెట్టు వర్తకులు ఒక యొడంబడిక చేసికొనిరి: పిల్లల ఘోరచాకిరీ లేకుండ పండిన కోకోయని ధ్రువపఱచు పద్ధతిని 2005 నాటికి ఏర్పఱతుమని. గడువు దాటినది; మఱల గడువులు పెట్టిరి; అవియు దాటినవి. 2020లో చికాగో విశ్వవిద్యాలయమునకు చెందిన పరిశోధనసంస్థ ప్రకటించిన నివేదికలో, ఐవరీకోస్టు, ఘానా దేశముల కోకో పనిలో నున్న బాలకార్మికుల సంఖ్య 15.6 లక్షలు.

ముద్రలన్నియు బూటకమని మేమనము. వానివలన కొందఱు రైతులకు కొంత యధికధనము ముట్టుచున్నది. కాని ముద్రగల చాక్లెట్టులో తనిఖీ యైన తోట గింజయే యుండుననుకొనువారు మాస్ బ్యాలెన్సు అను పద్ధతిని తెలిసికొనవలయును. ఆ పద్ధతిని తనిఖీ యైన గింజలును కాని గింజలును ఒకే కొట్టున కలియవచ్చును. లెక్కపుస్తకమున తూకములు సరిపోయిన చాలును. గంగాజలమును చెఱువులో పోసి, పోసిన కుండలెన్నియో అన్ని కుండల నీరు ముంచి, వానికి గంగాజలమని చీటి కట్టుట వంటిదే యిది.

ఏ తోట గింజ యే పెట్టెలో చేరెనో చెప్పుట యసాధ్యమని వర్తకు లందురు. ఒకే తోట గింజయని చాటి వెల హెచ్చించునపుడు ఆ యసాధ్యము వారికే సాధ్యమగుచున్నది గదా! 2020 డిసెంబరు 31 తరువాత అడవి నఱికిన నేలలో పండిన కోకో రాకూడదనియు, పండిన నేల గుఱుతులు చూపవలె ననియు ఐరోపా సమాఖ్య 2023లో శాసనము చేసినది. దాని యమలు వాయిదా పడుచు వచ్చినది.

మఱి యేది కొనవలెనని మమ్మడుగువారు కలరు. గింజ యెచట పండినది, ఎవరు పులియబెట్టిరి, వారికి టన్నుకు ఎంత ముట్టినది? ఈ లెక్కను ఏటేట ప్రకటించు చిన్న తయారీదారులు కొందఱు కలరు. వారి సరకు వెల యెక్కువ యందురు. నిజమే. చాక్లెట్టు బియ్యము కాదు. నెలకు నాలుగు కొనువారు రెండు కొందురు గాక. రైతునకు ముట్టిన వెలను చెప్పు పంక్తి లేని కాగితమును, దానిపై క్రియొల్లో యని బంగారు టక్షరము లున్నను, మేము మఱల అంగడివాని బల్లపైననే పెట్టి వచ్చుచున్నాము.