దొమ్మరాట: భిక్షమా, వృత్తియా?

వీథిలో గడ నాటి, డోలు మ్రోయించి, త్రాటిపై నడచి పొట్ట పోసికొనువాడు బిచ్చగాడా, పనివాడా? హోసూరు చెంత జూజువాడివంటి సరిహద్దుచోట నీ ప్రశ్న మఱింత తగియున్నది. తెలుగు, కన్నడము, తమిళము కలిసి వినవచ్చు నీ ప్రాంతముననే బెంగుళూరు రహదారి రాష్ట్రపు హద్దును దాటును. మొగ్గ వేయువానికి భాష యడ్డు గాదు. అడ్డువచ్చునవి చట్టమును, మన దృష్టియును.

అమెరికాలో పందొమ్మిదవ శతాబ్ది చివరి దశాబ్దములనుండి కొంతకాలము 'వాడెవిల్' అను వినోదరంగము వర్ధిల్లినది. గారడివాడు, బలశాలి, మొగ్గలవాడు ఒకే సాయంకాలమున నొకరి వెనుక నొకరు వేదిక నెక్కెడివారు. టిక్కెట్టును, ఒప్పందమును, వేతనమును గలవారిని బిచ్చగాండ్రనువా రెవరు? మన దొమ్మరికిని విద్య కలదు. తలపై కప్పును, చేత టిక్కెట్టును మాత్రమే లేవు.

గుడారము గలవానిని మనమును గౌరవించితిమి. ఱొమ్ముపై ఏనుగును నిలిపిన కోడి రామమూర్తి నాయుడుగారు 'కలియుగ భీముడ'ని కీర్తి గాంచిరి. ఆ కాలముననే సంచారజాతు లనేకము 1871 నాటి నేరస్థ జాతుల చట్టపు నీడన బ్రతికినవి. అది 1911లో మద్రాసు రాజధానికి విస్తరించినది. ఇచ్చట 1947లోను, దేశమంతటను 1952లోను రద్దయినది. చట్టము పోయినను అనుమానము పోలేదు. పాట, ఆట, జోస్యము, ప్రదర్శనల నెపమున బహిరంగస్థలమున యాచించుటయు భిక్షాటనమే యని 1959 నాటి బొంబాయి చట్టము నిర్వచించినది. ఢిల్లీకి వర్తింపజేసిన ఆ చట్టమున భిక్షాటనమును నేరముగా నెంచు నిబంధనలను 2018లో అచ్చటి హైకోర్టు కొట్టివేసినది.

పసిబిడ్డలను త్రాటిపై నడిపింతురే యని కొందఱు ఆక్షేపింతురు. ఆ యాచారమును సమర్థింపరాదు. సర్కసులలో బాలల నియోగమును సుప్రీంకోర్టు 2011లో నిషేధించినది. వీథికిని ఆ న్యాయమే తగును. కాని బిడ్డ బడికి పోవలెనన్న, తల్లిదండ్రుల విద్యకు తగిన ప్రతిఫలము దక్కవలదా?

ఇందులకు క్రొత్త చట్ట మక్కఱలేదు. 2014 నాటి వీథి వర్తకుల చట్టము సరకు లమ్మువారినే గాక, వీథులలో ప్రజలకు సేవల నందించువారినిగూడ రక్షించుచున్నది. వినోదమును సేవయే గదా! హోసూరు నగరపాలకులును, తెలుగునాటి పురపాలకులును ఈ యర్థమును గ్రహించి, వీథి కళాకారులకు గుర్తింపు పత్రమును, సంతలందును తిరునాళ్లయందును నిర్ణీత స్థలమును ఒసగవలెను. అప్పుడు పోలీసు వచ్చినపుడు డోలు దాచుకొని పరుగెత్తు నగత్యము వానికి తప్పును.

సంగీతసభకు టిక్కెట్టు కొనువారము, గడక్రింది పళ్లెమున నాణెము వేసి ధర్మము చేసితిమని తలంతుము. అది ధర్మము గాదు. చూచిన యాటకు మనము చెల్లింపవలసిన వెల.