పెళ్ళి పందిరీ, ఒక కంటైనరూ

మొన్న మే నెలలో మా చెల్లి పెళ్ళయింది. దానికి నెల ముందు నిశ్చితార్థం. డల్లాస్‌లో ఉన్న అన్నయ్య వీసా స్టాంపింగ్ గొడవలో ఇరుక్కుని రాలేకపోయాడు. సరేలే అని ఒక పెద్ద ఉచిత వీడియో సైటులో లైవ్ పెట్టాం. సరిగ్గా ఉంగరాలు మార్చుకునే వేళకి హాలువాళ్ళు స్పీకర్లో సినిమా పాటేశారు. అంతే, లైవ్ ఆగిపోయింది. కాపీరైటట! "ఏమైందిరా? బొమ్మ పోయింది" అని అన్నయ్య ఫోను. ఏం చెప్పను?

మన 1957 కాపీరైట్ చట్టంలో సెక్షన్ 52(1)(జెడ్‌ఏ) అని ఒకటుంది. పెళ్ళికి సంబంధించిన వేడుకల్లో పాట వేస్తే ఉల్లంఘన కాదంటుందది. ఇంటర్నెట్‌లో చూపిస్తే కూడా అది వర్తిస్తుందా అంటే, వాదించుకోవాల్సిన విషయమే. కానీ యంత్రంతో వాదించేదెవరు? అది ముందు ఆపేస్తుంది, తర్వాత ఫారం నింపమంటుంది. ఉంగరాలు మాత్రం మళ్ళీ మార్చుకోరు కదా.

అందుకే పెళ్ళికి నా సర్వర్ నేనే పెట్టుకున్నా. విన్న ఆఫీసు మిత్రుడు "పెళ్ళికూతురి అన్నవి, పనులు తక్కువై సర్వర్ కూడానా గురూ?" అని నవ్వాడు. అతనన్నది సగం నిజమే. ఆ సగం గురించే ఇదంతా రాస్తున్నా.

ఓన్‌కాస్ట్ అని 2020లో మొదలైన ఓపెన్ సోర్స్ సర్వర్ ఒకటుంది. ఓబీఎస్ నుంచి ఆర్‌టీఎంపీలో 1935 పోర్టుకి వీడియో పంపితే, లోపల ఎఫ్ఎఫ్ఎంపెగ్ దాన్ని చిన్న చిన్న ముక్కలు చేస్తుంది. ఆ ముక్కల్ని హెచ్ఎల్ఎస్ రూపంలో 8080 పోర్టు మీద బ్రౌజర్లకి వడ్డిస్తుంది. పక్కనే చాట్ కూడా. (ఫ్లాష్ 2020 చివర్లో పోయింది గానీ, దాంతో పుట్టిన ఆర్‌టీఎంపీ మాత్రం ఇంకా బరువులు మోస్తూనే ఉంది!) డాకర్ ఇమేజ్ దింపి, డేటా ఫోల్డర్‌ని బయట వాల్యూమ్‌కి కట్టి, ముంబైలో అద్దెకి తీసుకున్న సర్వర్ మీద లేపడానికి నాకు పది నిమిషాలు పట్టింది. ఓస్ ఇంతేనా అనుకున్నా.

అంతే కాదని ట్రయల్లో తెలిసింది.

మొదటిది సీపీయూ. రెండు కోర్ల మిషన్ మీద మూడు క్వాలిటీలు పెట్టా. ఒక్కో క్వాలిటీకి వీడియోని మళ్ళీ మొదట్నుంచీ ఎన్‌కోడ్ చెయ్యాలి. బొమ్మ నత్తనడక. కంటైనర్‌లో పెట్టినంత మాత్రాన కొత్త కోర్లు పుట్టుకురావు కదా! నాలుగు కోర్లకి మారి, క్వాలిటీలు రెండుకి తగ్గించాక కుదుటపడింది.

రెండోది భద్రత. ఉబుంటు ఫైర్‌వాల్ యూఎఫ్‌డబ్ల్యూలో 8080 మూసేశానని నిశ్చింతగా ఉన్నా. బయటి నుంచి చూస్తే బార్లా తెరిచుంది! డాకర్ పోర్టు తెరిచేటప్పుడు ఐపీటేబుల్స్‌లో తన రూల్స్ తానే రాసుకుంటుంది, యూఎఫ్‌డబ్ల్యూ మాట వినదు. లోపల చూస్తే అడ్మిన్ పాస్‌వర్డ్ ఇంకా మొదట ఇచ్చిన 'ఏబీసీ123'యే. ఆఫీసులో జూనియర్ ఇలా చేసుంటే అరగంట క్లాసు పీకేవాణ్ణి :-) పోర్టుని 127.0.0.1కి మాత్రమే కట్టి, ముందు క్యాడీ పెట్టి హెచ్‌టీటీపీఎస్ చేశా. పాస్‌వర్డూ, స్ట్రీమ్ కీ మార్చా.

మూడోది బ్యాండ్‌విడ్త్. అసలు ఖర్చు ఇక్కడే. హాలు నుంచి సర్వర్‌కి వెళ్ళేది ఒక్క స్ట్రీమే. సర్వర్ నుంచి మాత్రం చూసేవాళ్ళందరికీ విడివిడిగా వెళ్ళాలి. ఒక్కొక్కరికి 2 ఎంబీపీఎస్ అనుకుంటే 80 మందికి 160. గంటకి 72 జీబీ, నాలుగ్గంటల పెళ్ళికి 288 జీబీ. కొన్ని క్లౌడ్లలో బయటికెళ్ళే ప్రతి జీబీకీ బిల్లేస్తారు. ఈ గుణకారం చెయ్యకుండా సర్వర్ కొనకండి.

పెళ్ళిరోజు. ముహూర్తం తెల్లవారుజాము 4:30, అంటే డల్లాస్‌లో ముందురోజు సాయంత్రం 6. అన్నయ్య టీవీ ముందు కూర్చున్నాడు. జీలకర్ర బెల్లానికి పది నిమిషాల ముందు హాలు వైఫై పోయింది. ముంబైలో కంటైనర్ మాత్రం నిక్షేపంగా 'రన్నింగ్' అనే చూపిస్తోంది. పెళ్ళిబట్టల్లోనే పరిగెత్తి ల్యాప్‌టాప్‌ని ఫోన్ హాట్‌స్పాట్‌కి మార్చా. ఓబీఎస్ తనే మళ్ళీ కనెక్టయింది. నిమిషం లోపే బొమ్మ వచ్చింది.

తాళి కట్టేటప్పుడు అమ్మ చేతిలో ఫోనుంది, అవతల అన్నయ్య. గట్టిమేళం ఫోన్లో ముందు వినపడింది. టీవీలో ఇంకా అబ్బాయి తాళి అందుకోనేలేదు. హెచ్ఎల్ఎస్ ఆలస్యం, పదిహేను సెకన్ల దాకా. "శబ్దం వినేసి, తర్వాత కళ్ళారా చూశాన్రా, రెండుసార్లు అయినట్టుంది పెళ్ళి" అన్నాడు తర్వాత. నాకది బగ్గులా అనిపించలేదు. స్పీకర్లో సినిమా పాటలు మోగుతూనే ఉన్నాయి, ఎవ్వరూ ఆపలేదు.

నా మటుకు నేను చెప్పేదొక్కటే. కంటైనర్ల వల్ల సర్వర్ పెట్టడం సులువైంది, బాధ్యత సులువు కాలేదు. ఫైర్‌వాల్, బిల్లు, పోయిన వైఫై, ఇవేవీ ఇమేజ్‌లో ప్యాక్ అయి రావు. ఐదువేల మంది చూసే కార్యక్రమమైతే పెద్ద సైటుకో, సీడీఎన్‌కో అప్పజెప్పండి, నేనూ అదే చేస్తా. కానీ వందమంది చుట్టాల ముహూర్తాన్ని ఆపాలా వద్దా అని ఎక్కడో ఉన్న యంత్రం ఎందుకు నిర్ణయించాలి? రోజుకి పది గంటలు ఎవరెవరి సర్వర్లో కాపలా కాస్తాం. ఒక్కరోజు మన ఇంటిది కాయలేమా?

చేసేవాళ్ళకి ఇంకో మాట: ఓన్‌కాస్ట్ లైవ్ చూపిస్తుందంతే, దాచిపెట్టదు. ఓబీఎస్‌లో రికార్డింగ్ నొక్కడం మర్చిపోకండి.

పదహారు రోజుల పండగయ్యాక పందిరి తీయించాం. ఆ సాయంత్రమే సర్వర్ కూడా తీసేశా. రెండూ అంతే, అవసరానికి వేసుకుంటాం, అయ్యాక విప్పేస్తాం. కంపోజ్ ఫైలు మాత్రం దాచుకున్నా. ఈసారి అన్నయ్య పెళ్ళికి... కాదులెండి, దానికి వాడు రాక తప్పదు :-)