సిలువ వేసిన రాజ్యమే సిలువ పట్టింది

క్రైస్తవం తెల్లవాళ్ల మతమని కొందరు మన పిల్లలకు నూరిపోస్తున్నారు. మన కొండదేవతలు దయ్యాలని మరికొందరు బెదిరిస్తున్నారు. ఇద్దరూ చరిత్ర చదవలేదని మేమంటున్నాం.

యేసు యూదుడు. గలిలయ పల్లెల్లో అరమాయిక్ మాట్లాడినవాడు. రోమా ఏలుబడి కింద నలిగిన జాతివాడు. రోమా అధికారి పిలాతు ఆయన్ను సిలువ వేయించాడు. బానిసలకూ తిరగబడ్డవాళ్లకూ రోమా వేసే శిక్ష అది. ఆయన కథను శిష్యుల తరాలు గ్రీకులో రాశాయి. తూర్పు పట్టణాల్లో నలుగురికీ తెలిసిన భాష అదే మరి.

380లో థియొడోసియస్ చక్రవర్తి ఆ మతాన్నే రాజ్యమతం చేశాడు. 391, 392లో పాత దేవతల బలులనూ పూజలనూ నిషేధించాడు. ఆ దేవతలను కొలిచేవాళ్లకు లాటిన్‌లో పడిన పేరు ‘పగానుస్’. ఆ మాటకు మొదటి అర్థం పల్లెటూరివాడు! పీడితుల నమ్మకం సింహాసనమెక్కగానే పల్లెవాడి దేవుడు నేరమైపోయాడు. ఏ మతం గద్దెనెక్కినా జరిగేది ఇదే.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, పంతుళ్లారా! ఎవరిని కొలుస్తారో మీ ఇష్టం. తెల్లవాళ్ల మతమన్నవాణ్ణి యేసు ఏ జాతివాడని అడగండి. మన దేవతను దయ్యమన్నవాణ్ణి ‘పగానుస్’ అంటే ఎవరని అడగండి. బడిలో ఈ రెండు ప్రశ్నలూ నేర్పండి.