మందు దుకాణం ఊరికొకటి, విష సమాచార కేంద్రం సీమకొకటైనా వద్దా?

వేంపల్లె బజారులో పురుగుమందు దొరకని రోజు లేదు. చీనీకి ఒక మందు, అరటికి ఒకటి, సెనక్కాయకు ఒకటి, టమోటాకు ఇంకొకటి. చేతిలో డబ్బు లేకున్నా ఖాతా రాసుకుని ఇస్తారు. పొద్దుగూకినాక పోయినా ఇస్తారు. అదే మందు మనిషి ఒంట్లోకి పోతే మొదటి గంటలో ఏం చేయాలి, ఏం చేయకూడదు, విరుగుడు ఉందా లేదా అని అడగడానికి మాత్రం మన చుట్టుపక్కల చోటు లేదు. విషం మన ముంగిట్లో ఉంది. దాని సంగతి తెలిసినవాళ్లు ఢిల్లీలో ఉన్నారు.

ఢిల్లీలో ఉన్నారని ఊరికే అనడం లేదు. ఎయిమ్స్ ఆసుపత్రిలో 1995 నుంచి జాతీయ విష సమాచార కేంద్రం నడుస్తోంది. 1800 116 117 అనే నంబరుకు ఎవరైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. రాత్రింబగళ్లు పనిచేసే కేంద్రం అది. మందు డబ్బాతో వచ్చే కాగితంలో కూడా చాలాసార్లు ఈ నంబరు అచ్చు వేస్తారు. కానీ ఆ కాగితాన్ని విప్పి చదివేవాళ్లు మనలో ఎంతమంది? చదివినా, నురగలు కక్కుతున్న మనిషిని పక్కన పెట్టుకుని ఢిల్లీవాళ్లతో ఏ భాషలో మాట్లాడాలి? ఆ కేంద్రాన్ని మేము తప్పుపట్టడం లేదు. ఇంత పెద్ద దేశానికి అట్లాంటివి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉండటమే తప్పంటున్నాం.

విష సమాచార కేంద్రం అంటే పెద్ద భవనం, వంద మంచాల ఆసుపత్రి అనుకోవద్దు. ఒక గది, ఒక ఫోన్ నంబరు, మూడు షిఫ్టుల్లో కూర్చునే విషవైద్యం తెలిసిన డాక్టర్లు, ఫార్మసిస్టులు, ఏ డబ్బాలో ఏ రసాయనం ఎంత ఉందో చూసి చెప్పే కంప్యూటరు, పక్కన రక్తం, మూత్రం పరీక్షించే ల్యాబు. ఇంతే. పల్లె నుంచి రైతు ఫోన్ చేస్తే ప్రథమ చికిత్స చెప్తారు. పీహెచ్‌సీ డాక్టరు ఫోన్ చేస్తే ఏ ఇంజెక్షను, ఎంత మోతాదు, పెద్దాసుపత్రికి ఎప్పుడు పంపాలి అనేది చెప్తారు. అమెరికాలో 1953లో చికాగోలో ఇట్లాంటి కేంద్రం మొదలై ఇప్పుడు దేశమంతా ఒకే నంబరుతో యాభైకి పైగా నడుస్తున్నాయి. అమెరికాది డబ్బున్న దేశం అనేవాళ్లకు శ్రీలంకను చూపిస్తాం. 1980ల్లోనే కొలంబో జాతీయ ఆసుపత్రిలో అట్లాంటి కేంద్రం పెట్టుకున్నారు.

పీహెచ్‌సీలో డాక్టరు ఉన్నాడు కదా, ఆయనకు తెలియదా అని అడగవచ్చు. విషాలన్నీ ఒకటి కావు. అసలు చిక్కు అక్కడే ఉంది. క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫరస్ మందులకు అట్రోపిన్, ప్రాలిడాక్సిమ్ ఉన్నాయి. కంటిపాప సూదిమొనంత అవుతుంది, చొంగ కారుతుంది, చెమటలు పోస్తాయి. గుర్తుపట్టి వెంటనే అట్రోపిన్ మొదలుపెడితే మనిషి దక్కుతాడు. గడ్డిమందు పారాక్వాట్‌కు విరుగుడే లేదు. అన్ని కేసుల్లో మాదిరి అవసరం లేకున్నా ఆక్సిజన్ పెడితే దానికి ఊపిరితిత్తులు ఇంకా చెడతాయి. ఎలుకల పేస్టు తిన్నవాళ్లు ఒకటి రెండు రోజులు బాగానే కనపడతారు. ఇంటికి తీసుకుపోతారు. ఆ తర్వాత లివరు చెడిపోయి తిరిగి వస్తారు. తలకు వేసుకునే రంగు కడుపులోకి పోతే మెడ, నాలుక వాచి ఊపిరాడదు, తర్వాత కిడ్నీలు పాడవుతాయి. రాయలసీమ ఆసుపత్రులు ఏళ్ల తరబడి చూస్తున్న కేసులివి. గన్నేరు గింజ గుండె మీద దెబ్బ కొడుతుంది. ఇన్ని రకాలు ఒక్క డాక్టరు తలలో ఉండాలంటే అయ్యే పని కాదు. నిన్న మొన్న కాలేజీ వదిలి నైట్ డ్యూటీలో ఒక్కడే కూర్చున్న కుర్ర డాక్టరుకు అడిగేదానికి ఒక పెద్దదిక్కు కావాలి. ఆ దిక్కే ఈ కేంద్రం.

డబ్బా మీద ఉన్న పేరు కంపెనీ పెట్టుకున్న పేరు. లోపలి రసాయనం పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది. మనవాళ్లు డాక్టరుకు చెప్పేది "తెల్ల మందు", "పచ్చ డబ్బా మందు", "గడ్డి మందు" అని. రెండు మూడు మందులు కలిపి కొట్టడం మామూలైంది. ఆ కలగలుపు తాకి పడిపోయిన కూలీకి ఏ వైద్యం చేయాలి? వేంపల్లె నుంచి పులివెందులకు, అక్కడి నుంచి కడపకు, కడప నుంచి తిరుపతికో కర్నూలుకో పంపే కేసులు మేము ఎన్నో చూశాం. ప్రతిచోటా మొదటి ప్రశ్న ఒకటే: "ఏం మందు?" ప్రతిచోటా గంట పోతుంది. విషం కేసులో ఆ గంటే ప్రాణం.

ఇది ఒక్క రైతుల గొడవ కూడా కాదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ దగ్గర స్టైరీన్ ఆవిరి లీకై పన్నెండు మంది చనిపోయినారు. అదే ఏడాది డిసెంబరులో ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోయినారు. శాంపిళ్లు ఢిల్లీకి, హైదరాబాదుకు పోయినాయి. రక్తంలో సీసం, నికెల్ అన్నారు. తర్వాత పురుగుమందుల అవశేషాలు అన్నారు. ఒక పట్టణం పట్టణమే ఆసుపత్రి ముందు నిలబడి ఉంటే, కారణం కోసం రోజుల తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది. ఆ అనుభవం తర్వాతైనా రాష్ట్రంలో ప్రాంతానికొక విష కేంద్రం, దానికొక ల్యాబు వచ్చి ఉండాల్సింది.

మహారాష్ట్ర యావత్మాల్ జిల్లాలో 2017లో పత్తికి మందు కొడుతూ ఆ ఆవిరి పీల్చి ఇరవై మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయినారు. వందలమంది ఆసుపత్రుల పాలైనారు. వాళ్లెవరూ చావాలని తాగినవాళ్లు కాదు. వీపున పంపు వేసుకుని పొట్టకూటికి పనికి పోయినవాళ్లు. బీహార్‌లో 2013లో బడి పిల్లలు ఇరవైముగ్గురు మధ్యాహ్న భోజనం తిని చనిపోయినారు. ఆ అన్నంలో కలిసింది మోనోక్రోటోఫాస్. మందు కేసు అనగానే "తాగినాడేమో" అని మొహం తిప్పుకునేవాళ్లు ఈ రెండూ గుర్తుపెట్టుకోవాలి.

తాగినవాళ్ల సంగతి కూడా దాచకుండా మాట్లాడుకుందాం. దేశంలో ఆత్మహత్యల్లో సుమారు నాలుగో వంతు విషంతోనే అని జాతీయ నేర గణాంకాలు చెప్తున్నాయి. అప్పు, పంట నష్టం, ఇంట్లో గొడవ, ఆ క్షణంలో ఎదురుగా మందు డబ్బా. ఆ క్షణం దాటించి బతికించగలిగితే వాళ్లలో ఎక్కువమంది మళ్లీ ఆ దారి పట్టరు. రైతు చనిపోయినాక కుటుంబానికి ఇచ్చే పరిహారాన్ని మన రాష్ట్రంలో 2019లో 5 లక్షల నుంచి 7 లక్షలకు పెంచారు. ఆ కుటుంబాలకు అది అందాల్సిందే, ఇంకా పెరగాల్సిందే. కానీ చచ్చినాక లక్షలిచ్చే ప్రభుత్వం బతికించే ఏర్పాటుకు ఎందుకు వెనకాడుతుంది? ఇంకొక మాట. విషం కేసంటే పోలీసు కేసని భయపడి ఆసుపత్రికి ఆలస్యం చేయొద్దు. ముందు వైద్యం చేయాలి, ఆ తర్వాతే పోలీసు కాగితాలు అని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఆత్మహత్యాయత్నానికి పాత 309 సెక్షన్ లేదు. మనసు బాగాలేనివాళ్లు ఏ వేళప్పుడైనా 14416 టెలీమానస్‌కు ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

కేంద్రాలెందుకు, ఆ మందులనే నిషేధిస్తే పోదా అని మన సంఘంలోనే కొందరు అంటున్నారు. నిషేధించాల్సినవి నిషేధించాలనేదే మా మాట కూడా. శ్రీలంక 1995 నుంచి అతి ప్రమాదకరమైన మందులను వరుసగా ఆపేస్తే పదేళ్లలో అక్కడ ఆత్మహత్యల రేటు సుమారు సగానికి వచ్చింది. వరి దిగుబడి అందువల్ల పడిపోలేదు. మన దేశంలో 2020లో 27 మందులను నిషేధిస్తామని ముసాయిదా తెచ్చి, 2023కు వచ్చేసరికి వాటిలో చాలావాటిని వదిలేశారు. పారాక్వాట్ మీద కేరళ 2011లోనే ముందుకొచ్చింది. ఒడిశాలో బుర్లా ఆసుపత్రి డాక్టర్లు 2019లో రోడ్డెక్కినారు. రాష్ట్రాలు తమంతట తాము పూర్తిగా ఆపాలంటే 1968 నాటి కీటకనాశకాల చట్టం కొద్దిరోజుల తాత్కాలిక నిషేధానికి మించి అధికారం ఇవ్వలేదు. గడ్డి తీసే కూలీలు దొరకని కాలంలో గడ్డిమందు ఆపితే రైతుకు కలుపు ఖర్చు పెరుగుతుందనేది కూడా నిజమే. దానికి ఉపాధి హామీని వ్యవసాయానికి కలపమని మనం ఎప్పటినుంచో అడుగుతున్నాం. ఆ కొట్లాట సాగాలి. కానీ నిషేధం వచ్చేదాకా పడిపోయిన మనిషి ఆగడు. ఒకటి వచ్చేదాకా ఇంకొకటి వద్దనడం కుదరదు. పైగా ఏ మందు ఎందరిని చంపుతోందో లెక్క ఉంటేనే నిషేధం అడగడానికి మనకు బలం. ఆ లెక్క రాసిపెట్టేది కూడా ఈ కేంద్రమే.

లెక్క రాయించే అధికారం చట్టంలోనే ఉంది. కేరళలో 1958లో పిండిలో పారాథియాన్ కలిసి వందమందికి పైగా చనిపోయినాకే ఈ చట్టం ఆలోచన మొదలైంది. అందులో 26వ సెక్షన్ ప్రకారం మందు వల్ల విషం తగిలిన ప్రతి సంఘటననూ ఫలానావాళ్లు తెలియజేయాలని రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇవ్వవచ్చు. 1971 రూల్సులో 41వ నిబంధన ప్రకారం మందులు తయారుచేసేవాళ్లు, డిస్ట్రిబ్యూటర్లు ప్రథమ చికిత్స సామాను, విరుగుడు మందులు తగినంత నిల్వ పెట్టుకోవాలి. మీ ఊరి దుకాణంలో ఒకసారి అడిగి చూడండి, అట్రోపిన్ ఎక్కడుందని.

ఇక డబ్బు. ప్రభుత్వం దగ్గర నిధులు లేవంటారు. పురుగుమందు మీద జీఎస్టీ 18 శాతం. వెయ్యి రూపాయల మందు మీద రైతు 180 రూపాయలు పన్ను కడుతున్నాడు. అందులో సగం, 90 రూపాయలు, రాష్ట్రం వాటా. ఆ తొంభైలో ఒక్క రూపాయి పక్కన పెట్టి విష చికిత్స నిధి అని పేరు పెట్టమంటున్నాం. ఇది దానం అడగడం కాదు. ఈ ఖర్చు మనం ముందే కట్టినాం, రసీదు మన దగ్గర ఉంది. దీనికి తోడు లైసెన్సు రెన్యువల్ సమయంలో మందుల కంపెనీల నుంచి కొంత వసూలు చేయాలి. లాభం వాళ్లది, విషం మనది, వైద్యం ఖర్చు కూడా మనదేనా? అయితే ఒకసారి రిబ్బను కత్తిరించి మరచిపోయే నిధి వద్దు. డాక్టరు లేక రాత్రిళ్లు మోగి మోగి ఆగిపోయే ఫోను ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. జీతాలు ఏటా బడ్జెట్‌లో చూపించాలి.

108 వచ్చేముందు కూడా ఇట్లాగే అన్నారు. పల్లెలో ఎవరు ఫోన్ చేస్తారు, బండి ఎప్పుడొస్తుంది అని. 2005 ఆగస్టు 15న మొదలైంది. ఈరోజు చదువురాని ముసలమ్మకు కూడా ఆ నంబరు తెలుసు. పాముకాటుకు కేంద్రం మన రాష్ట్రంతో సహా కొన్నిచోట్ల 15400 హెల్ప్‌లైన్ మొదలుపెట్టింది. 2030 నాటికి పాముకాటు చావులు సగానికి తగ్గించాలని 2024లో జాతీయ ప్రణాళిక ప్రకటించింది. పాము విషానికి చేయగలిగినవాళ్లు పురుగుమందు విషానికి చేయలేరా? రెండింటినీ ఒకే గదిలో కూర్చోబెడితే ఖర్చూ తగ్గుతుంది.

మా కోరికలు ఇవి:

1. కర్నూలు, కడప, అనంతపురం, తిరుపతి ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో ఒకచోట ప్రధాన విష సమాచార కేంద్రం, మిగతా మూడుచోట్ల ఉపకేంద్రాలు పెట్టాలి. 24 గంటలూ పనిచేయాలి. తెలుగులోనూ, ఉర్దూలోనూ జవాబివ్వాలి.

2. ప్రధాన కేంద్రానికి సొంత పరీక్షల ల్యాబు ఉండాలి. రిపోర్టు గంటల్లో డాక్టరుకు చేరాలి.

3. ప్రతి పీహెచ్‌సీ, సామాజిక ఆరోగ్య కేంద్రంలో అట్రోపిన్, ప్రాలిడాక్సిమ్, పాము విరుగుడు మందు నిల్వ ఎంతుందో బోర్డు మీద రాయాలి.

4. 26వ సెక్షన్ కింద నోటిఫికేషన్ ఇచ్చి ప్రతి విషం కేసు నమోదు చేయించాలి. మండలాల వారీగా లెక్క ఏటా ప్రకటించాలి.

5. పురుగుమందుల జీఎస్టీలో రాష్ట్రం వాటా నుంచి ప్రత్యేక నిధి ఏర్పాటు చేయాలి.

6. రైతు సేవా కేంద్రాల్లో ఏటా పంటకాలం ముందు రైతులకు, కూలీలకు ప్రథమ చికిత్స నేర్పించాలి.

ఇవన్నీ వచ్చేదాకా మనం చేయాల్సినవి ఉన్నాయి. మందు తాకిన మనిషి బట్టలు విప్పి సబ్బుతో ఒళ్లు కడగండి. ఉప్పు నీళ్లు, పేడ నీళ్లు తాగించి కక్కించొద్దు, అది ఊపిరితిత్తుల్లోకి పోయి ఇంకా ముప్పు తెస్తుంది. స్పృహ లేకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. డబ్బా, కాగితం రెండూ ఆసుపత్రికి తీసుకుపోండి. 108కి, 1800 116 117కి ఫోన్ చేయండి. మందు డబ్బాలు ఇంట్లో దూలాల మీద కాకుండా తాళం వేసిన పెట్టెలో పెట్టండి. ఖాళీ డబ్బాలో నీళ్లు, నూనె పోయొద్దు.

వచ్చే గ్రామసభలో ఈ ఆరు కోరికల మీద తీర్మానం చేయించి పంపమని ప్రతి యూనిట్‌ను కోరుతున్నాం. ఆ తీర్మానాలన్నీ కట్టగట్టి కడప కలెక్టరు ముందు పెడదాం. పంటకు పట్టిన పురుగును చంపే మందు ఊరూరికీ చేరింది. ఆ మందు బారిన పడిన మనిషిని బతికించే ఏర్పాటు కనీసం సీమకైనా చేరేదాకా అడుగుతూనే ఉందాం.